బయటికి వచ్చాక మళ్ళీ లోపలికి వెళ్ళొద్దు: మెలోడీ (స్టేజీ పాటల) సీజన్‌కి ముందు పెద్దవాళ్ళకు జాగ్రత్తలు

2025 నవంబరు 1, ఏకాదశి. శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గలో వేంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది పోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. ఒడిశాలోని మా బరంపురం వాళ్ళకి పలాస అంటే పక్క ఊరి కింద లెక్క, అక్కడ చుట్టాలు లేని ఇల్లు మా వీధిలో తక్కువ. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అదే నెలలో కటక్‌లో ఏటా జరిగే బాలియాత్ర జాతరలో పాటల కార్యక్రమం దగ్గర తోపులాటైంది, స్పృహ తప్పినవాళ్ళని ఆసుపత్రికి మోసుకెళ్ళారు. గుడైనా పాటైనా జనం జనమే.

ఇప్పుడు మళ్ళీ దసరా వస్తోంది. పూజా పెండాళ్ళ మెలోడీలు, చలికాలం ఉత్సవాలు, భువనేశ్వర్‌లోనూ విశాఖలోనూ టికెట్ పెట్టి జరిపే పెద్ద పెద్ద షోలు, శివరాత్రి దాకా ఇదే వరస. ఈమధ్య పిల్లలు అమ్మానాన్నల పెళ్ళిరోజుకి చీరకి బదులు షో టికెట్లు కొనిస్తున్నారు. పదో తరగతి చదివే పిల్లకి తోడుగా వెళ్ళే తండ్రులు ఇంకో రకం. నేను రెండు రకాలుగానూ వెళ్ళాను. రైల్వేలో 31 ఏళ్ళు చేశాను, అందులో సగం ప్లాట్‌ఫారం మీదే. జనం ఎలా కదులుతారో పుస్తకంలో చదివింది కాదు.

నీళ్ళు తాగండి, బంగారం వేసుకోవద్దు, పర్సు జాగ్రత్త. ఇవన్నీ మీ పిల్లలే చెబుతారు. నేను చెప్పడానికి కూర్చున్నది ఒక్క తప్పు గురించి. క్షేమంగా బయటికి వచ్చిన మనిషి, తనవాళ్ళు కనబడలేదని మళ్ళీ లోపలికి వెళ్ళడం.

మా పెద్దబావ అదే చేశాడు. ఠాకురాణి యాత్ర రోజులు. మాకు రెండేళ్ళకోసారి వచ్చే పండగ, ఊళ్ళో ఏ వీధికి వెళ్ళినా ఒక స్టేజీ. ఆ రాత్రి అక్క పక్కింటావిడతో కలిసి బాత్‌రూమ్‌కి వెళ్ళింది. "నువ్వు ఇక్కడే ఉండు, కదలకు" అని బావకి చెప్పి మరీ వెళ్ళింది. పది నిమిషాలకి జనరేటర్ ఆగిపోయింది. చీకటి రెండు మూడు నిమిషాలే, కానీ వెనక ఎవరో అరిచారు, జనం కదిలారు. బావ ఆ కదలికలో పడి నెమ్మదిగానే బయటికి వచ్చేశాడు. చెరుకురసం మిషన్ పక్కన నిలబడి చొక్కా దులుపుకున్నాడు కూడా. నాకు ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉంది, ఎందుకంటే నేను పక్కనే ఉన్నాను. "ఒరేయ్, మీ అక్క ఏది?" అన్నాడు. నేను జేబులోంచి ఫోన్ తీసేలోపల లోపలికి నడిచాడు. ఎదురుగా వస్తున్నవాళ్ళలో ఒకడి భుజం తగిలింది. అంతే, పెద్ద దెబ్బేం కాదు. పక్కకి తూలి, బ్యారికేడ్‌కి కట్టిన వెదురుబొంగు మీద పడ్డాడు. తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది, వాకర్ వచ్చింది, ఆ వాకర్ ఇప్పటికీ పోలేదు.

అక్క అప్పటికి ఎక్కడుంది? రెండో గేటు నుంచి బయటికి వచ్చి, వెనక వీధిలో ఎవరింటి అరుగు మీదో కూర్చుని, ఆ ఇంటావిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగుతోంది.

ప్లాట్‌ఫారం మీద కూడా చూశాను. రైలు పక్క ప్లాట్‌ఫారానికి వస్తుందని అనౌన్స్ చేస్తారు, అందరూ ఓవర్‌బ్రిడ్జి ఎక్కుతారు. అవతల దిగాక తండ్రి లెక్కపెట్టుకుంటాడు, ఒక పిల్ల తక్కువ. వెంటనే మెట్ల మీద జనానికి ఎదురు వెళ్తాడు. పిల్ల అప్పటికే మేనత్తతో పెట్టెలో కూర్చుని ఉంటుంది. పడ్డవాడు తండ్రే, ఆయన మీద పడ్డవాళ్ళు ఇంకో నలుగురు. బయటికి వస్తున్న జనానికి ముందు మనిషి వీపు తప్ప ఏమీ కనబడదు. ఎదురుగా మీరు వస్తున్నట్టు వాళ్ళకి తెలిసేది మిమ్మల్ని గుద్దుకున్నాకే. మీరు పడితే వచ్చేవాళ్ళ కాళ్ళకి మీరే అడ్డుగడప.

అందుకే చెప్తున్నాను, వెతకడానికి వెనక్కి తిరగొద్దు. భార్య అయినా, మొగుడైనా, ఎదిగిన పిల్లలైనా.

మరి ఏం చేయాలి? వెళ్ళిన వెంటనే, లోపలికి అడుగు పెట్టకముందే, బయట కలిసే చోటు ఒకటి అనుకోండి. అది గేటు నుంచి కనీసం ఒక వీధి దూరం ఉండాలి, అక్కడ లైటు ఉండాలి, ముఖ్యంగా అది కదిలేది కాకూడదు. గుప్‌చుప్ (పానీపూరీ) బండి దగ్గర కలుద్దాం అనుకుంటారు, గొడవ మొదలవగానే ముందు పారిపోయేది ఆ బండే. 'గేటు దగ్గర' అన్నది చోటే కాదు, ఊరంతా అక్కడే ఉంటుంది. కటౌట్ కింద అసలే వద్దు. పోస్టాఫీసు మెట్లు, వీధి మొదట్లో మందుల షాపు, గుడి గోపురం, ఇలాంటివి చూసుకోండి. నోటితో చెబితే చాలదు, అందరినీ అక్కడిదాకా నడిపించి చూపించండి. 'ఏం గడబిడైనా ఎవరికి వాళ్ళు ఇక్కడికే, ఒకరి కోసం ఒకరు ఆగేది లేదు' అని ఒప్పందం చేసుకోండి. వినడానికి కటువుగానే ఉంటుంది. మా అమ్మాయికి చెబితే "నాన్నా, నువ్వు నన్ను వెతక్కుండా ఉంటే అదే పదివేలు" అంది.

ఆ చోట అరగంట ఆగండి. అప్పటికీ రాకపోతే ఒక్కరే, బయటి రోడ్డు మీదుగా పోలీసుల దగ్గరికో మైకు టెంటు దగ్గరికో వెళ్ళి పేరు పిలిపించండి. తక్కినవాళ్ళు చోటు వదలొద్దు. చిన్న పిల్ల తప్పిపోతే అరగంట ఆగనక్కర్లేదు, ఆ క్షణమే పోలీసులకి చెప్పండి. కానీ అప్పుడు కూడా జనానికి ఎదురు నడవొద్దు. మీరు పడిపోతే పిల్లని గుర్తుపట్టేవాళ్ళు ఉండరు.

ఫోన్‌ని నమ్ముకోకండి. వేలమంది ఒకేచోట వీడియోలు పంపుతుంటే కాల్ కలవదు. అలాంటప్పుడు కూడా ఒక్కోసారి మామూలు ఎస్సెమ్మెస్ వెళ్తుంది, 'మందుల షాపు దగ్గర ఉన్నా' అని కొట్టండి. ఒక నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. చార్జింగ్ అయిపోయాక కొడుకు నంబరు కంఠతా వచ్చినవాళ్ళు మనలో ఎంతమంది?

ఎక్కడ నిలబడాలన్నది రెండో సంగతి. లోపలికి వెళ్ళగానే స్టేజీ కాదు, రెండో గేటు వెతకండి. మనిషి కంగారులో వచ్చిన దారినే వెళ్ళాలని చూస్తాడు, అందరూ అదే చూస్తారు. 2023 నవంబరు 25న కొచ్చిలో ఒక యూనివర్సిటీ ఆవరణలో పాటల కార్యక్రమం మొదలవకముందే నలుగురు చనిపోయారు. గేటు దాటగానే కిందికి దిగే మెట్లు, వెనక నుంచి తోపు. మెట్లున్న గేటు అంటే నాకు అప్పటినుంచీ భయం. మధ్యలో వద్దు, ముందు కమ్మీ దగ్గర అసలు వద్దు. పక్కన, వెనక, కాస్త మెరకగా ఉన్న చోట నిలబడితే పాట ఏం తగ్గిపోదు. గాయకుడి ముఖం ఎలాగూ స్క్రీన్ మీదే చూస్తాం.

తొక్కిసలాటలో పోయేవాళ్ళలో చాలామంది కాళ్ళ కింద పడి పోరు. నిలబడే పోతారు. ఊపిరి పీల్చాలంటే ఛాతీ ఉబ్బాలి, నాలుగు వైపుల నుంచీ ఒత్తితే అది ఉబ్బదు. చదరపు మీటరుకి ఐదుగురు దాటారంటే ప్రమాదం మొదలైనట్టే, ఆరేడుగురైతే ఎవరి కాళ్ళు వాళ్ళ చేతిలో ఉండవు, జనం నీళ్ళలా ఊగుతారు. మీటరు కర్ర పట్టుకుని ఎవరూ వెళ్ళరు కాబట్టి నా కొలత ఇది: చెయ్యెత్తి ముఖం మీద చెమట తుడుచుకోవడానికి చోటు లేకపోతే, వెళ్ళిపోండి. పక్కవాళ్ళు తగిలి మీరు ఊగడం మొదలైందంటే అప్పటికే ఆలస్యమైంది. చేతులు రెండూ ఛాతీ ముందు మడిచి పెట్టుకోండి, ఊపిరికి చోటు అదే. తోపుకి ఎదురు నిలబడొద్దు. అల కాస్త తగ్గినప్పుడు ఐమూలగా పక్కకి జరగండి. మళ్ళీ అల వస్తే ఆగండి, తగ్గితే జరగండి. అరిచి ఊపిరి వృథా చేసుకోవద్దు. పడితే ఒక పక్కకి ముడుచుకుని తలని చేతులతో కప్పుకోండి, వీలు దొరకగానే లేవండి.

చెవుల సంగతి మనవాళ్ళు పట్టించుకోరు. 85 డెసిబెల్స్ చప్పుడు ఎనిమిది గంటలు తట్టుకోగల చెవి, 100 డెసిబెల్స్‌కి పావుగంటే తట్టుకుంటుంది. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. సౌండ్ బాక్సుల పక్కన 100 దాటడం మామూలే. దూది కుక్కుకుంటే సరిపోదు. మందుల షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు దొరుకుతాయి. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, చెవిని పైకి వెనక్కి లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో ఆపాలి. పాట వినిపిస్తుందా అంటే, ఇంకా శుభ్రంగా వినిపిస్తుంది. చంటిపిల్లల్ని తీసుకెళ్ళొద్దు.

షుగర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. ఎనిమిదింటికి మొదలవుతుందన్న షో పదింటికి గానీ మొదలవదు. ఇన్సులిన్ వేసుకుని, భోజనం ఇంటికి వచ్చాక చేద్దాంలే అనుకుంటే మధ్యలో షుగర్ పడిపోతుంది. చేతులు వణికితే, చల్లటి చెమట పడితే, వెంటనే మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నోట్లో వేసుకోవాలి. అది బ్యాగులో కాదు, జేబులో ఉండాలి, గేటు దగ్గర బ్యాగు ఆపేస్తారు. మూత్రం ఎక్కువ వచ్చే బీపీ మాత్ర వాడేవాళ్ళు ఆ రోజు దాన్ని సొంతంగా మానొద్దు, ఏ వేళకి వేసుకోవాలో ముందే డాక్టర్ని అడగండి. బాత్‌రూమ్ భయంతో పొద్దున్నుంచీ నీళ్ళు మానేసి, పెండాల్లో కళ్ళు తిరిగి పడిపోయిన ఆడవాళ్ళని లెక్కలేనంతమందిని చూశాను. ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, దవడ నొప్పి, వీటిని గ్యాస్ అనుకుని సోడా తాగొద్దు, 108. గాయకుడు కేకే 2022 మే 31న కోల్‌కతాలో ప్రోగ్రాం పూర్తిచేసి హోటల్‌కి వెళ్ళి ఆ రాత్రే పోయారు. 53 ఏళ్ళు.

ఇక వరసపెట్టి చెప్పేస్తాను, కారణాలు అడక్కండి.

చెప్పులు కాదు, వెనక పట్టీ ఉన్నవో బూట్లో.
చీర కుచ్చిళ్ళు నేలకి తగలకూడదు. చున్నీ మెడకి చుట్టొద్దు.
బాత్‌రూమ్‌కి ఒంటరిగా వద్దు. వెళ్ళేముందు 'గడబిడైతే మందుల షాపు' అని పైకి అనండి. 'ఇక్కడే ఉండు, కదలకు' అన్న మాట మీ ఇంట్లో నిషేధం.
కింద పడిన ఫోన్ పోయినట్టే. వంగొద్దు.
పడిన చెప్పు కూడా.
మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నిలబడే టికెట్ కొనొద్దు, చవగ్గా వచ్చినా సరే.
చిన్నపిల్లల చేతి మీద నంబరు పెన్నుతో రాయండి. తోపులాటలో పిల్లల్ని కిందికి దించొద్దు.
స్పీకర్లు కట్టిన స్తంభాలు, చెట్లు, గోడలు ఎక్కిన కుర్రాళ్ళ కింద నిలబడొద్దు.
గాలివాన మొదలైతే షామియానా కిందికి పరిగెత్తొద్దు, తడవండి.
జనరేటర్ ఆగితే ఆగండి. కూర్చోవద్దు, పరిగెత్తొద్దు, ఫోన్ లైటు వేసి నిలబడండి.
ఆఖరి పాటకి ముందే లేవండి. ఆ పాట యూట్యూబ్‌లో ఉంది.
లేవలేకపోతే అందరూ పోయేదాకా, అరగంట, ఉన్నచోటే ఉండండి.
ఆటోవాడి నంబరు ముందే తీసుకోండి.
మర్నాడు పొద్దున్న ఒక చెవి సరిగా వినబడకపోతే అదే రోజు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రేపటిదాకా ఆగొద్దు.
బయటికి వచ్చాక పక్కన ఉండాల్సిన మనిషి కనబడలేదా? లోపలికి వెళ్ళొద్దు. పేరు పెట్టి అరుస్తూ గేటులో అడ్డం నిలబడొద్దు. మందుల షాపు. మా బావ లాగా మీరూ తెలివైనవాళ్ళే, మీరూ 'ఒక్క నిమిషం, చూసొస్తా' అంటారు. వద్దు. మందుల షాపు.