క్వాంటం కంప్యూటర్‌లో ఉష్ణగతిక విలువలు తప్పుగా వస్తుంటే

ఇక్కడి అంకెలన్నీ అడ్డ క్షేత్రంలో ఉన్న రెండు స్పిన్‌ల (చిన్న అయస్కాంతాల్లాంటి క్వాంటం కణాల) ఐసింగ్ నమూనావి; పొరుగు స్పిన్‌లు ఒకదాన్నొకటి ప్రభావితం చేసే సరళ నమూనా ఇది. స్పిన్‌ల మధ్య బలం, క్షేత్రం, ఉష్ణోగ్రత, బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం అన్నీ 1. శక్తి స్థాయిలు ±1, ±√5 అని కాగితం మీదే తేలుతుంది కాబట్టి సగటు శక్తి −1.835, ఉష్ణధారణ సామర్థ్యం 0.648 రావాలి. ఎంత పెద్ద వ్యవస్థను తలపెట్టినా ముందుగా దీన్ని నడిపి చూడాలని నా గట్టి అభిప్రాయం.

సమస్య: సగటు శక్తి −1.65 దగ్గర వస్తోంది, అంటే వ్యవస్థ మనం కోరినదానికన్నా వేడిగా కనిపిస్తోంది.

కారణం: గేట్లలో, అంటే క్వాంటం కంప్యూటర్ చేసే ఒక్కో చిన్న చర్యలో, దొర్లే తప్పులు (నాయిస్) స్థితిని అన్ని స్థాయిలూ సమానంగా నిండిన మిశ్రమం వైపు లాగుతాయి. అది అనంత ఉష్ణోగ్రత స్థితి, అక్కడ ఈ నమూనా శక్తి సున్న. ఆ మిశ్రమం పది శాతం కలిస్తే చాలు, −1.652 వస్తుంది.

పరిష్కారం: ప్రతి గేటు తర్వాత దాని విలోమాన్ని, మళ్లీ అదే గేటును చేర్చి నడపండి. సిద్ధాంతరీత్యా ఫలితం మారకూడదు. శక్తి సున్న వైపు ఇంకా జరిగితే దోషం నాయిస్‌ది, ఆ రెండు విలువల నుంచి నాయిస్ లేని విలువను అంచనా కట్టవచ్చు. జరగకపోతే స్థితిని తయారుచేసే సర్క్యూట్ (గేట్ల వరుస)లోని గేట్ల కోణాలను సరిచూడాలి.

సమస్య: శక్తి పది శాతమే తప్పినా, ఉష్ణధారణ సామర్థ్యం 1.19 వస్తోంది, దాదాపు రెట్టింపు.

కారణం: దాన్ని శక్తి వర్గపు (స్క్వేర్) సగటు నుంచి సగటు శక్తి వర్గాన్ని తీసివేసి కట్టారు. అసలు లెక్క 4.016 నుంచి 3.369 తీయడం. నాయిస్‌తో మొదటిది 3.915కు కొద్దిగానే తగ్గితే, రెండోది 2.729కి పడిపోతుంది. దగ్గరదగ్గరగా ఉన్న రెండు సంఖ్యల తేడాలో పొరపాటు ఇలాగే పెరుగుతుంది. షాట్లు (అదే సర్క్యూట్‌ను మళ్లీ మళ్లీ నడిపి కొలిచే సార్లు) పెంచితే గణాంక చెదురు తగ్గుతుందే తప్ప, ఎప్పుడూ ఒకే వైపుకు వచ్చే ఈ తప్పు పోదు.

పరిష్కారం: ఒకే లోతున్న (గేట్ల పొరల సంఖ్య ఒకటే అయిన) సర్క్యూట్‌తో పలు ఉష్ణోగ్రతల వద్ద సగటు శక్తిని కొలిచి, ఆ వక్రరేఖ వాలు నుంచి ఉష్ణధారణ సామర్థ్యం తీయండి. అన్నిచోట్లా నాయిస్ పాలు ఒకటే అయితే 0.583 వస్తుంది, తప్పు పది శాతం దాటదు.

సమస్య: 1997 నాటి జార్జిన్‌స్కీ సమీకరణంతో (వ్యవస్థను మార్చేటప్పుడు పలుమార్లు కొలిచిన పని ఘాతీయ సగటు నుంచి స్వేచ్ఛా శక్తి తేడాను ఇచ్చేది) కట్టిన స్వేచ్ఛా శక్తి ప్రతిసారీ మారుతోంది.

కారణం, పరిష్కారం: ఆ ఘాతీయ సగటును అరుదుగా వచ్చే కొద్ది ఫలితాలే శాసిస్తాయి. మార్పును నెమ్మదిగా జరిపితే చెదురు తగ్గుతుంది కానీ, సర్క్యూట్ పొడవై నాయిస్ పెరుగుతుంది. నేనైతే పైన కొలిచిన శక్తి వక్రరేఖనే వాడతాను: విలోమ ఉష్ణోగ్రత (1ని ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చేది) 0 నుంచి 1 దాకా శక్తిని సమాకలనం చేసి, 4 సహజ సంవర్గమానం నుంచి తీసివేస్తే 2.53 రావాలి. దాని రుణ విలువే స్వేచ్ఛా శక్తి.