పేపర్ పంపే ముందు ఒక్కసారి ఆగండి

వరంగల్ పల్లెల్లో గర్భిణుల రక్తహీనత మీద సర్వే చేసి, జర్నల్‌కు పంపబోతున్న పీజీ విద్యార్థులకు.

☐ ఎథిక్స్ కమిటీ అనుమతి తేదీ సర్వేకు ముందుదేనా? తర్వాత తెచ్చుకున్న కాగితం పనికిరాదు.

☐ రక్తహీనత అనడానికి ఏ హిమోగ్లోబిన్ హద్దు (అంతకంటే తక్కువుంటే రక్తహీనత) వాడారో రాయండి. చాలామంది దొరికిపోయేది ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం మొదటి, చివరి మూడు నెలల్లో డెసిలీటరుకు 11 గ్రాములు, మధ్య మూడు నెలల్లో 10.5. అందరికీ 11 పెడితే రక్తహీనత ఉన్నవాళ్ల సంఖ్య పెరిగి కనిపిస్తుంది. వేలి చుక్క తీశారా, నరం నుంచి రక్తం తీశారా అన్నదీ చెప్పాలి. రెండూ ఒకేలా రావు.

☐ అంగన్‌వాడీకి వచ్చినవాళ్లనే అడిగారా? అయితే శీర్షికలో జిల్లా మొత్తం అనకండి. నాట్ల రోజుల్లో వెళ్తే ఇళ్లల్లో ఎవరుంటారు మరి!

☐ ఊరి పేరు తీసేయండి. వయసు, కాన్పుల సంఖ్య కలిస్తే మనిషిని పట్టేస్తారు.

☐ "వారంలో అచ్చు, ముందు ఫీజు" అనే మెసేజ్ నాకూ వచ్చింది. టెన్షన్‌లో కట్టబోయాను కూడా. ఆ జర్నల్ పాత సంచికలు పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన వ్యాసాలు వెతికే ఆన్‌లైన్ జాబితాలో) ఉన్నాయో లేదో ముందు వెతకండి.

☐ పని చేయని పెద్దసారు పేరు రచయితల్లో పెట్టకండి. కష్టమే, తెలుసు. ఇంటింటికీ తోడొచ్చిన ఆశా అక్కలకు కృతజ్ఞతల్లో చోటివ్వండి.