ఇంట్లో పెద్దవాళ్లకి ఆపరేషన్ అంటే ముందు మత్తు డాక్టర్ని కలవండి

నాన్నగారికి డెబ్బై దాటాయి, షుగరు, బీపీ, ఎప్పుడో వేయించిన స్టెంటు, ఇప్పుడు మోకాలికి ఆపరేషన్ అన్నారు. ఇక మన అమలాపురం, భీమవరం వైపు ఇళ్లలో ఒకటే చర్చ: కాకినాడా రాజమండ్రా, ఏ సర్జన్‌ది మంచి చెయ్యి, తిథి ఎలా ఉంది. మత్తు డాక్టరు ఎవరని అడిగేవాళ్లు మాత్రం కనపడరు. బ్రిటన్ ఆస్పత్రుల లెక్కలతో 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, రిస్క్ ఎక్కువున్న ఆపరేషన్లు మొత్తంలో 12.5 శాతమే, చావుల్లో మాత్రం 80 శాతానికి పైగా వాటిలోనే.

ఆ రిస్క్ ముందే పసిగట్టేది మత్తు డాక్టరే, అందుకే తేదీ ఖాయం చేసుకునే ముందే, వీలైతే నెల ముందు, మత్తు డాక్టర్ చెకప్ అడగండి. వెళ్లేటప్పుడు మందులన్నీ షీట్లతో సహా ఒక కవర్లో వేసుకెళ్లండి, ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి బిళ్లలు, ఆయుర్వేదం పొడి కూడా. ‘పొద్దున్న తెల్లది, రాత్రి సగం ఎర్రది’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఒక్కో మందు పక్కన ఏ రోజు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలెట్టాలో రాయించుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ సాధారణంగా ఐదు రోజుల ముందు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు బిళ్లలు మూడు రోజుల ముందు ఆపిస్తారు, స్టెంటు ఉన్నవాళ్లకి ఆస్పిరిన్ చాలాసార్లు కొనసాగిస్తారు. సొంతంగా మాత్రం దేన్నీ ఆపొద్దు. స్టెంటు వేసి ఆరు నెలలు కాలేదా, ఆగగలిగే ఆపరేషన్ అయితే వాయిదా గురించి గుండె డాక్టర్ని అడగండి.

హిమోగ్లోబిన్ మగవాళ్లకి 13, ఆడవాళ్లకి 12 కంటే తక్కువుంటే రక్తహీనతే, ఆ నెలలో ఐరన్‌తో పెంచుకోవచ్చు. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.5 దాటితే ముందు షుగరు దారికి తెచ్చుకోవడం మంచిది. రోజూ కాలవ గట్టు మీద నడిపించండి. రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కలేకపోతే ఆ సంగతి దాచకుండా డాక్టరుకి చెప్పండి. లంక పొగాకు చుట్ట అలవాటుందా, ఈరోజే మానిపించండి, గొడవ పడినా సరే.

ముందురోజు రాత్రి నుంచి చుక్క నీళ్లు కూడా ఇవ్వకుండా నోరు ఎండగట్టేస్తారు చాలామంది. మామూలుగా అన్నం, టిఫిన్, పాలు ఆపరేషన్‌కి ఆరు గంటల ముందు ఆపాలి, మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా ఇవ్వచ్చు, మీ డాక్టరు వేరేగా చెప్తే తప్ప. పాల కాఫీ కూడా టిఫిన్ కిందే లెక్క.

మొదటి రాత్రి ఐసీయూలోనా, వార్డులోనా అని ముందే అడగండి. ఊపిరితిత్తుల కసరత్తుకి మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఇస్తారు కదా, దాన్ని అందరూ బలంగా ఊదుతారు, బంతి కదలదు. గొట్టం నోట్లో పెట్టుకుని నెమ్మదిగా గాలి లోపలికి పీల్చాలి, బంతిని పైనే కాసేపు నిలపాలి, మెలకువగా ఉన్నప్పుడు గంటకి పదిసార్లు. ఇది ఆపరేషన్‌కి ముందే ఇంట్లో నేర్పించండి. కళ్లజోడు, వినికిడి మిషను, పళ్ల సెట్టు మంచం దగ్గరే ఉంచండి, అవి లేకపోతే పెద్దవాళ్లు రాత్రిళ్లు తికమకపడి సెలైన్ పీకేసుకుంటారు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ కొబ్బరి బొండాలు తెస్తారు, కిడ్నీ సమస్య ఉంటే వాటిలో పొటాషియం ప్రమాదం, పక్కన పెట్టేయండి. ఆయాసం, ఒక కాలే వాయడం, ఉన్నట్టుండి మాట తేడా కనిపిస్తే తెల్లారేదాకా చూడకుండా నర్సుని పిలవండి, ఇంటికొచ్చాక అయితే 108కి ఫోన్ చేయండి.

తుంటి ఎముక విరిగినవాళ్లకి మాత్రం ఈ ‘నెల ముందు’ లెక్క వర్తించదు. ఆపరేషన్ ఒకటి రెండు రోజుల్లోనే జరగాలి, మంచి రోజు చూస్తూ మంచంలో ఉంచేయకండి.