సొంతంగా ఇంగ్లిష్ – 3వ పాఠం: తెలిసిన మాటలే చెవికి ఎందుకు అందవు?

పోయిన పాఠంలో అర నిమిషం ఆడియో ఒకటి ఎంచుకుని, దాని రాత చూడకుండా మూడుసార్లు వినమన్నాను. చాలామందికి ఇక్కడే ఒక దెబ్బ తగులుతుంది. వింటున్నప్పుడు సగం కూడా అందదు. తీరా రాత చూస్తే అన్నీ తెలిసిన మాటలే! మీకూ అలాగే అయితే టెన్షన్ పడకండి. మాటలు మీకు వచ్చు. పక్కపక్కన చేరినప్పుడు అవి ఎలా మారిపోతాయో మనకు బళ్లో చెప్పరు, అంతే.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే మన నోట్లో బస్ కాస్తా బస్సు అయింది, పెన్ పెన్ను అయింది. చెవికీ అదే అలవాటు. చివర అచ్చు వినబడితేనే మాట పూర్తయిందనుకుంటుంది. ఇంగ్లిష్‌లో హల్లుతో ఆగే మాటలు బోలెడు. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే ఆ హల్లు వెళ్లి దానికి అతుక్కుంటుంది. మనం 'వాడు ఎక్కడ' అని విడదీసి అంటామా? 'వాడెక్కడ' అనేస్తాం. సంధి అని చదువుకున్నాం కదా, దానికి దగ్గరి చుట్టమే ఇది. మన 'వాడెక్కడ'లో ఒక అచ్చు పోయింది. అక్కడ హల్లు ముందుకు జరుగుతుంది.

ఈ వాక్యం చూడండి: ఐ టోల్డ్ హర్ టు పిక్ ఇట్ అప్ ఎట్ ఎయిట్.

మొత్తం తొమ్మిది మాటలు. మామూలు వేగంతో అంటే దాదాపు ఇలా వినిపిస్తుంది: 'ఐ టోల్డర్ ట పికిటప టెయిట్'. 'హర్'లో హ పోయింది. 'టు' నలిగి 'ట' అయింది. 'పిక్ ఇట్ అప్' మూడూ ఒకే ముద్ద. గట్టిగా పలికేవి నాలుగే: టోల్డ్, పిక్, అప్, ఎయిట్. అర్థాన్ని మోసేవి అవే. మిగతా ఐదూ వాటి సందుల్లోంచి జారిపోతాయి. మనం తెలుగు అలవాటుతో తొమ్మిదింటికీ సమానంగా బరువు వేసి పలుకుతాం, అవతలివాళ్లూ అలాగే పలుకుతారని ఎదురుచూస్తాం. చిక్కంతా అక్కడే ఉంది.

'కెన్', 'కాంట్' సంగతి మరీ ముఖ్యం. 'ఐ కెన్ స్విమ్' అన్నప్పుడు 'కెన్' నలిగి 'క్‌న్' అవుతుంది, బరువు 'స్విమ్' మీద పడుతుంది. 'ఐ కాంట్ స్విమ్'లో 'కాంట్' మీద కూడా బరువు ఉంటుంది. చివరి ట చాలాసార్లు సరిగా వినబడదు కాబట్టి దాని కోసం వెతక్కండి, బరువు ఎక్కడుందో వినండి. మీరు పలికేటప్పుడు కూడా అంతే. 'కెన్'ను గట్టిగా ఒత్తితే మీరు 'వచ్చు' అన్నా ఎదుటివాళ్లకు 'రాదు' అని వినబడే ప్రమాదం ఉంది.

ఇక సాధన. అదే అర నిమిషం ఆడియో తీసుకోండి. కొత్తది వద్దు. ఒక్కో వాక్యం దగ్గర ఆపి, విన్నది విన్నట్టు రాయండి. అందని చోట ఖాళీ వదలండి. ఊహించి పూరిస్తే చెవి ఎక్కడ తడబడిందో మీకే తెలియకుండా పోతుంది. ఒక్కో వాక్యానికి నాలుగుసార్లు వినడం చాలు. అయ్యాక అసలు రాత పక్కన పెట్టుకుని ఎర్ర పెన్నుతో ఖాళీలు నింపండి. ఇప్పుడు ఆ ఎర్ర మాటల్ని చూడండి. ఎక్కువగా 'ఆఫ్', 'టు', 'హిమ్', 'ఎట్' లాంటి చిన్నవే ఉంటాయి. ఒక్కో ఎర్ర మాటనూ దాని ముందు, వెనక మాటలతో కలిపి, ఆడియోలో ఎలా ఉందో అలాగే పైకి అనండి. నోటికి వచ్చిన ముద్దను చెవి తొందరగా పట్టేస్తుంది.

వినడం, రాయడం, చదవడం, మాట్లాడడం నాలుగూ ఇందులోనే అయిపోయాయి, గమనించారా? నాలుగింటికీ నాలుగు పుస్తకాలు పెట్టుకుని విడివిడిగా కుస్తీ పట్టడం నాకు నచ్చదు. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి చేరదు.

రోజుకు పావుగంట చొప్పున వారం చేయండి. రెండు రోజులకోసారి ఆడియో మార్చండి. ఎర్ర పెన్ను పడ్డ కాగితాలు మాత్రం పారేయకండి. వచ్చే పాఠం వాటితోనే మొదలుపెడతాం.