ఉప్పుడు వడ్లు ఆరబెట్టేటప్పుడు నూక తగ్గాలంటే

మిర్యాలగూడ బాయిల్డ్ మిల్లుల్లో డ్రైయర్ మీదికి కొత్తగా వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది వేడి గురించి కాదు, బ్లోయర్ (వేడిగాలి తోలే ఫ్యాన్) ఎప్పుడు ఆపాలో. నూకంతా అక్కడే తేలుతుంది.

ముందు లెక్క చూడండి. ఆవిరి పట్టి దించిన వడ్లలో తేమ 35 శాతం దాకా ఉంటుంది. మర ఆడించాలంటే 14కు రావాలి. 100 క్వింటాళ్లకు 21 క్వింటాళ్ల నీళ్లు పోతే చాలనుకుంటారు చాలామంది. తడి వడ్లలో పొడి సరుకు 65 క్వింటాళ్లే. మొత్తంలో అది 86 శాతం కావాలంటే బరువు 75న్నరకు దిగాలి. అంటే గాలి మోసుకుపోవాల్సింది 24 క్వింటాళ్ల పైమాటే.

మేం వాడేది ఎల్‌ఎస్‌యూ డ్రైయర్, అంటే లూసియానా స్టేట్ యూనివర్సిటీ పేరుతో వచ్చిన రకం. నిలువు గూడులో తిరగేసిన వి ఆకారపు రేకులు వరుసలుగా ఉంటాయి. ఒక వరుస కింద వేడిగాలి వస్తుంది, పక్క వరుస కింద నుంచి తడిగాలి బయటికి పోతుంది. వడ్లు వాటి మధ్య జారుతూ దిగుతాయి, ఎలివేటర్ మళ్లీ పైకెత్తి పోస్తుంది. పై వరుస రేకులు మునిగేదాకా వడ్లు నింపండి. ఖాళీ ఉంటే గాలి అటే పోతుంది, గాలి వేడికి పొయ్యిలో కాల్చే ఊక దండగ. గడ్డిపోచలు, తాలు ముందే జల్లించాలి. పోచలు రేకుల మధ్య ఇరుక్కుంటే అక్కడి వడ్లు కదలక అతిగా ఎండుతాయి, నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

వానాకాలమైనా భయం లేదు. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమున్న గాలిని 60కి వేడి చేస్తే ఆ గాలి తేమ 17 శాతానికి పడిపోతుంది, వడ్లలో నీటిని బాగా లాగుతుంది.

వడ్లను రెండు విడతలుగా ఆరబెడతాం. మొదటి విడతలో గింజ మీది నీరు ఆవిరవుతూ గింజను చల్లగా ఉంచుతుంది. అందుకే 100 డిగ్రీల గాలి తోలినా తట్టుకుంటుంది. వడ్ల తేమ 18 శాతం దగ్గరికొచ్చేసరికి గింజ పైన ఆరిపోతుంది, లోపలి నీరు పైకి రావడానికి టైం పడుతుంది. అప్పుడూ అదే వేడి తోలితే పైపొర బిగుసుకుని గింజ లోపల అడ్డంగా చీలుతుంది. పొట్టు మీద ఏమీ కనిపించదు.

కాబట్టి 16, 18 మధ్య బ్లోయర్ ఆపి వడ్లను బిన్నులోకి దించండి. వేడిగానే ఉంటే 4 గంటలు, చల్లారిపోతే 8 గంటలు వదిలేయండి. లోపలి తడి పైకి సర్దుకుంటుంది. రెండో విడతలో గాలి 75 డిగ్రీలు దాటొద్దు. గేటు దగ్గర లారీ ఉందని ఎంత టెన్షన్ పెట్టినా ఆ గంటలు తగ్గించొద్దు.

వేడి గింజలు పోస్తే తేమ కొలిచే మీటర్ తప్పు చూపిస్తుంది. గుప్పెడు పళ్లెంలో పరిచి, చల్లారాక చూడండి. కొన్ని గింజలు పొట్టు ఒలిచి టార్చి వెలుతురుకు ఎదురుగా పట్టండి. ఉప్పుడు బియ్యం గాజులా ఉంటుంది, చీలితే సన్నటి గీత అడ్డంగా కనిపిస్తుంది. ఆరిన కొన్ని గంటలకు కూడా పగుళ్లు వస్తాయి, అందుకే మర ఆడించే ముందు మళ్లీ చూడాలి. గీతలు ఎక్కువుంటే తర్వాతి లాటుకు రెండో విడత వేడి ఇంకో 5 డిగ్రీలు తగ్గించండి.