కొండపల్లి బొమ్మలు కొరియర్‌లో పంపే ముందు

సంక్రాంతి కొలువు దగ్గరికొచ్చింది. బొమ్మలు పంపేవాళ్లు ఇవి చూసుకోండి.

• పెట్టెలో ఖాళీ వదలొద్దు. మూతేసి చెవి దగ్గర ఊపండి, గలగలమంటే మళ్లీ విప్పాల్సిందే. ఈ పొణికి కర్ర బొమ్మలకు చేతులు విడిగా చెక్కి, చింతగింజల మక్కుతో అతికిస్తారు. ముందు ఊడేది అక్కడే. పోయినేడు మా గీత కార్మికుడు తాటిచెట్టు వదిలేసి పెట్టె అడుగున దొరికాడు!

• బొమ్మకు ముందు మెత్తటి నూలుగుడ్డ, ఆపైన బబుల్ షీట్. న్యూస్‌పేపర్ సిరా రంగుకు అంటుకుంటుంది.

• తేలిగ్గా ఉంటాయని మరమరాలు నింపొద్దు, చీమలు పడతాయి.

• మరీ పెద్ద పెట్టె వద్దు. 40×30×30 సెంటీమీటర్ల పెట్టె అయితే చాలా కొరియర్లు ఆ కొలతలు గుణించి, 5000తో భాగించి 7.2 కిలోల బరువుగా లెక్కేస్తాయి, లోపల ఉన్నది కిలో అయినా సరే.