‘సైంటిస్టులు తేల్చేశారు’ అని వార్త వస్తే అసలు పేపర్ పట్టుకుని చదవడం ఎలా?

ఫోన్లో రోజుకొకటి వస్తాది, కొత్త పరిశోధనలో తేలిన నిజం అని. కాఫీ తాగితే ఆయుష్షు పెరుగుతాదని ఒకటి, తగ్గుతాదని ఇంకొకటి. అలాంటివి నవ్వుకుని వదిలెయ్యొచ్చు గానీ మన సిక్కోలు (శ్రీకాకుళం) వాళ్లకి "ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం దొరికేసింది" అని వస్తే మాత్రం అలా వదల్లేం, ఉద్దానం అంటే మన జిల్లాలో ఈ జబ్బు ఎక్కువున్న ప్రాంతం, అక్కడ కవిటిలోనో సోంపేటలోనో మందసలోనో డయాలసిస్‌కి తిరుగుతున్న చుట్టం ఒకరైనా ఉంటారు కదా. అందుకే ఉదాహరణకి ఉద్దానాన్నే తీసుకుంటున్నాను. టెన్త్ ఇంగ్లీషు వచ్చినోళ్లు ఎవరైనా ఈ పని చెయ్యొచ్చు. పేపర్ (న్యూస్‌పేపర్ కాదు, శాస్త్రవేత్తలు తమ పరిశోధన గురించి రాసిన వ్యాసం) మొత్తం అర్థం కానక్కర్లేదు, ఎక్కడ చూడాలో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

మొదటి పని: పేపర్ ఏదో కనుక్కోండి

వార్తలో జర్నల్ (అలాంటి పేపర్లు వేసే పత్రిక) పేరు, పరిశోధన చేసిన సంస్థ పేరు ఉన్నాయా చూడండి. రెండూ లేకుండా "విదేశీ శాస్త్రవేత్తలు" అని మాత్రమే ఉంటే అక్కడే అనుమానపడాలి. ఉంటే గూగుల్ స్కాలర్ (పరిశోధన పేపర్లు వెతికే సైట్) ఓపెన్ చేసి ఇంగ్లీషులో రెండు మూడు మాటలు కొట్టండి, ఊరి పేరు, జబ్బు పేరు, అంతే. ఏటంటే స్కాలర్ మామూలుగా కొత్తవి ముందు చూపించదు, ఎక్కువమంది వాడుకున్న పాత పేపర్లే పైకొస్తాయి, కాబట్టి పక్కన సంవత్సరం ఫిల్టర్ ఉంటాది, అది పెట్టుకోండి. వైద్యానికి సంబంధించినవైతే పబ్‌మెడ్‌లో కూడా వెతకండి, అక్కడ చెత్త కొంచెం తక్కువ.

డబ్బులు అడిగితే కట్టకండి

చాలా జర్నల్స్ ఒక్క పేపర్‌కి వేలల్లో అడుగుతాయి. ముందు స్కాలర్‌లో రిజల్ట్ పక్కన పీడీఎఫ్ లింక్ ఉందేమో చూడండి, కింద ‘ఆల్ వెర్షన్స్’ నొక్కితే ఫ్రీ కాపీ ఇంకోచోట దొరకొచ్చు. కంప్యూటర్ ఉంటే బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి, చట్టప్రకారం ఫ్రీగా ఉన్న కాపీ ఉంటే అదే చూపిస్తాది. 2025 జనవరి నుంచి కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ మొదలుపెట్టింది, ప్రభుత్వ యూనివర్సిటీలకి, కాలేజీలకి దాదాపు 13,000 జర్నల్స్ అందుబాటులోకి తేవడం దాని ఉద్దేశం. ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలోనో విజయనగరం జేఎన్‌టీయూలోనో చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే వాళ్ల లైబ్రరీలో అడిగించండి. ఏదీ కుదరకపోతే పేపర్ మీద రాసినవాళ్ల మెయిల్ ఉంటాది, కాపీ పంపమని రెండు లైన్లు రాయండి, చాలామంది సంతోషంగా పంపుతారు. పీహెచ్‌డీ థీసిస్‌లు కావాలంటే శోధ్‌గంగ సైట్‌లో ఫ్రీ, తెలుగులో రాసినవి కూడా ఉన్నాయి.

పాసైందా, ఇంకా పరీక్షలోనే ఉందా?

ఇది చాలామంది చూడరు. ఆర్కైవ్, మెడ్‌ఆర్కైవ్ లాంటి చోట్ల పెట్టేవి ప్రీప్రింట్లు, అంటే వేరే నిపుణులు తనిఖీ చెయ్యకముందే జనంలోకి వదిలినవి. 2023 జులైలో కొరియావాళ్లు ఎల్‌కే-99 అనే పదార్థం గురించి ఇలాగే ప్రీప్రింట్ పెట్టారు, మామూలు వేడిలోనే పనిచేసే సూపర్‌కండక్టర్ (కరెంటు ఏమాత్రం నష్టం లేకుండా పారే పదార్థం) అన్నారు, ప్రపంచమంతా ఊగిపోయింది, కొన్ని వారాల్లోనే వేరే ల్యాబులు చేసి చూసి కాదని తేల్చేశాయి. ప్రీప్రింట్ అంటే అబద్ధం అని కాదు, ఆగి చూడమని.

అలాగని జర్నల్‌లో వచ్చింది కదా అని కళ్లుమూసుకుని నమ్మకూడదు. 2020 మే నెలలో లాన్సెట్ అంతటి జర్నల్‌లో కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు మీద ఒక పేపర్ వచ్చింది, దాని డేటా నిజమైనదో కాదో తనిఖీ చెయ్యనివ్వకపోయేసరికి రెండు వారాల్లో వెనక్కి తీసుకున్నారు. అందుకే జర్నల్ సైట్‌లో పేపర్ పేజీకే వెళ్లి ‘రిట్రాక్టెడ్’ (వెనక్కి తీసుకున్నది) అని ఎక్కడైనా ఉందేమో చూడండి, మీ దగ్గరున్న పాత పీడీఎఫ్‌లో ఆ ముద్ర ఉండదు. రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో పేరు కొట్టి చూసినా తెలుస్తాది, ఫ్రీయే.

అసలు చదవడం

మొదటి పేజీ నుంచి వరసగా చదవకండి, నిద్రొస్తాది. ముందు అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం), తర్వాత టేబుల్స్, తర్వాత మెథడ్స్ (పని ఎలా చేశారో చెప్పే భాగం), తర్వాత చివర్లో ‘లిమిటేషన్స్’ (తమ పనిలో లోపాలు) అని రాసిన పేరా. ఇంట్రడక్షన్ ఆఖర్న చదివినా పర్లేదు. నన్నడిగితే పేపర్ మొత్తంలో నిజాయితీగా ఉండే చోటు ఆ లిమిటేషన్స్ పేరాయే, వార్త రాసినోళ్లు వదిలేసేదీ అదే.

ఇప్పుడు ఉద్దానం చూద్దాం. 2019లో వచ్చిన ఒక పేపర్ అక్కడ కిడ్నీ జబ్బు 18 శాతం పైచిలుకు అంది, 2020లో వేరే టీం చేసిన పేపర్ సుమారు 21 శాతం అంది. రెండూ ఒకే జర్నల్‌లో వచ్చినవే, కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్, అందరూ ఫ్రీగా చదువుకోవచ్చు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి "చూశారా, ఏడాదిలో ఇంత పెరిగిపోయింది" అంటే అది తప్పు, ఎందుకంటే లెక్కపెట్టిన మనుషులు వేరు, ఎంచుకున్న పద్ధతి వేరు. మెథడ్స్‌లోకి వెళ్లి ఇవి వెతకండి: ఎంతమందిని చూశారు (రెండిట్లోనూ రెండు వేల పైనే), ఏ వయసువాళ్లు, ఊళ్లని చీటీ తీసినట్టు ఎంచారా లేక క్యాంపుకి వచ్చినోళ్లనే లెక్కపెట్టారా. ఈ ఆఖరిది చాలా ముఖ్యం, ఎందుకంటే ఒంట్లో బాగోలేనోడే క్యాంపుకి ముందొస్తాడు, అలా లెక్కేస్తే శాతం ఎక్కువ కనబడుతాది.

ఇంకోటి, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే కిడ్నీ టెస్టుల్లో తేడా కనీసం మూడు నెలలు ఉండాలి. ఎండలో జీడితోటలో పనిచేసి నీళ్లు తాగకుండా వచ్చిన మనిషికి ఆరోజు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే టెస్టు అంకె) ఎక్కువ ఉండొచ్చు, నాలుగు రోజులకి తగ్గిపోవచ్చు. టెస్టు ఒక్కసారే చేశారా, మూడు నెలల తర్వాత మళ్లీ చేశారా అన్నది మెథడ్స్‌లో రాస్తారు. మరి ఆ 21 శాతం ఎవరిలో? సర్వే చేసిన ఊళ్ల పెద్దవాళ్లలో. శ్రీకాకుళం జిల్లా మొత్తానికి కాదు, ఆమదాలవలస వాళ్లు ఆ అంకె చూసి భయపడిపోనక్కర్లేదు.

ఇక కారణం సంగతి. ఇలా ఒకసారి వెళ్లి లెక్క తీసుకొచ్చే సర్వే ఎంతమందికి జబ్బు ఉందో చెప్తాది, ఎందుకొచ్చిందో తేల్చలేదు. భూగర్భ జలంలో సిలికా, పురుగుమందులు, లోహాలు, ఎండదెబ్బ, నొప్పి మాత్రలు, జన్యువులు, అన్నిటి మీదా అనుమానాలున్నాయి, ఒక్కటీ ఖాయం కాలేదు. శ్రీలంకలో, మధ్య అమెరికా చెరుకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా ఇదే తలనొప్పి. పేపర్‌లో ‘అసోసియేటెడ్ విత్’ అని ఉంటే రెండూ కలిసి కనబడ్డాయి అని మాత్రమే, వార్తలోకి వచ్చేసరికి అది ‘కారణం’ అయిపోతాది. ‘కారణం దొరికింది’ అన్న వార్తలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

శాతాల దగ్గర జాగ్రత్త

ప్రాసెస్డ్ మీట్ రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ రిస్క్ 18 శాతం పెరుగుతాదని 2015లో డబ్ల్యూహెచ్‌వో క్యాన్సర్ సంస్థ చెప్పింది. వందమందిలో 18 మందికి వస్తాదని కాదు. వందలో 5 మందికి వచ్చేది అనుకుంటే అది దాదాపు 6 అవుతాది, అంతే. పెరిగింది అన్నప్పుడు దేనినుంచి పెరిగింది అని అడగాలి, ఆ మొదటి అంకె పేపర్‌లో లేకపోతే ఆ శాతంతో మీకు పనిలేదు.

వేరే సబ్జెక్టులైతే ప్రశ్నలు మారతాయి. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం రాగుల మీద చాలాకాలంగా పనిచేస్తోంది, అలాంటి కొత్త వంగడం పేపర్ చదివితే ఎన్ని సీజన్లు వేశారు, వర్షాధారమా తడి పెట్టారా, మన నేలలాంటి చోట వేశారా అని చూడండి, ఒక్క సీజన్ దిగుబడి చూసి విత్తనం కొనెయ్యకండి. చరిత్ర పేపర్‌లో, శ్రీముఖలింగం మీదో శాలిహుండం మీదో అయితే, శాసనం ఏ సంపుటంలో ఏ నంబరో ఇచ్చారా అన్నదే నేను ముందు చూస్తాను, ఇవ్వకపోతే చదవను.

ఏఐతో చదివించొచ్చా అంటే, మీ పీడీఎఫ్ ఇచ్చి ఈ పేరా తెలుగులో చెప్పు అంటే బానే చెప్తాది. "ఈ విషయం మీద పేపర్లు చెప్పు" అంటే మాత్రం ఒక్కోసారి లేని పేపర్లు పుట్టించేస్తాది, కాబట్టి అది ఇచ్చిన డీఓఐ నంబర్ (ఒక్కో పేపర్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపు నంబర్) డీఓఐ సైట్‌లో కొట్టి చూడండి. అంకెలు ఎలాగూ టేబుల్‌లో మీరే చూసుకోవాలి.

చివరగా స్కాలర్‌లో కవరు గుర్తు నొక్కి అలర్ట్ పెట్టుకోండి. కిడ్నీ అని పెడితే మెయిల్ బాక్స్ మునిగిపోతాది, ఉద్దానం అని ఇంగ్లీషులో పెట్టండి, ఎప్పుడో ఒకటి వస్తాది గానీ వచ్చింది మాత్రం మనదే ఉంటాది. స్పెల్లింగ్ ఒక్కోచోట ఒక్కోలా రాస్తారు, Uddanam అని, Uddhanam అని, రెండిటికీ పెట్టుకోండి.